ఇసుక లేని ఉప్పునీటి ట్యాంకులో గుల్లలు: ఏవి బతుకుతాయి, ఏవి బతకవు

రొయ్యల సాగు తెలిసిన కోనసీమ ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టాలన్న ఆలోచన పుడితే సగం పని అప్పటికే అయిపోయినట్టే. సెలినిటీ, అంటే నీళ్లలో ఉప్పు పాలు, చూసే రిఫ్రాక్టోమీటర్ ఇంట్లో ఉంటుంది. అమ్మోనియా, పీహెచ్, ఆల్కలినిటీ అన్న మాటలు చిన్నప్పటి నుంచీ చెవిన పడుతూనే ఉంటాయి. నీళ్ల శాంపిల్ చూసే ల్యాబ్ ఎక్కడో కాదు, దగ్గర్లోనే దొరుకుతుంది. చిక్కు వచ్చేది ట్యాంకు అడుగున ఏం వెయ్యాలన్న దగ్గర. ఇసుక వెయ్యకుండా అడుగు అద్దాన్ని ఉత్తిగా వదిలేసే పద్ధతి చాలామందికి నచ్చుతుంది. అలాంటి ట్యాంకులో చేపలు హాయిగా తిరుగుతాయి సరే, గుల్లలు, అంటే రెండు చిప్పల మధ్య బతికే జీవులు, బతుకుతాయా? నిక్షేపంగా బతుకుతాయనేవాళ్లు ఉన్నారు, నెల తిరక్కుండా చస్తాయనేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి మాటా నిజమే. ఇద్దరూ మాట్లాడుతున్నది వేరువేరు గుల్లల గురించి.

ఇసుక తీసేయడంలో ఉన్న లాభం చెరువు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. తినగా మిగిలిన మేత, రెట్ట, చచ్చిన నాచు అడుగుకు చేరతాయి. గాలి అందక మట్టి నల్లబడుతుంది. ఆ నల్లమట్టిలోంచి కుళ్లిన గుడ్డు వాసన వచ్చిందంటే హైడ్రోజన్ సల్ఫైడ్ తయారైనట్టే. అందుకే రొయ్యపిల్లను ఒత్తుగా వదిలే చెరువులకు అడుగున ప్లాస్టిక్ షీటు పరిచి, మధ్యలో గుంట పెట్టి, చెత్తను రోజూ బయటికి లాగేస్తారు. ఇసుక లేని ట్యాంకుదీ అదే లెక్క. అడుగున చేరిన చెత్త కంటికి కనబడుతుంది, సన్నటి గొట్టం పెట్టి లాగేస్తే పోతుంది. పంపు ఎంత గట్టిగా తిప్పినా ఇసుక లేచి నీళ్లు మసకబారవు. పోగొట్టుకునేదీ ఉంది. ఇసుక రేణువుల మీద బతికే బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. లోతు ఇసుకలో గాలి అందని చోట ఇంకో రకం బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చి వదిలేస్తుంది. ఇసుక తీసేస్తే ఈ పనంతా రాళ్లు, నురగ పట్టించి మురికిని లాగే స్కిమ్మర్, నీళ్ల మార్పిడి మీద పడుతుంది. చేపలకైతే చర్చ ఇక్కడితో అయిపోయేది. గుల్లలకు అసలు సంగతి ఇక్కడే మొదలవుతుంది, ఎందుకంటే వాటిలో కొన్నిటికి ఇసుకే ఇల్లు.

గుల్లకు ఉండేది ఒకే పాదం. రెండు చిప్పల మధ్య నుంచి నాలుకలా బయటికొచ్చే కండ అది. దాంతో ఆ గుల్ల ఏ పని చేస్తుందో చూస్తే ఇసుక కావాలో వద్దో తేలిపోతుంది. కాకినాడ అఖాతంలోనే అన్ని రకాలూ ఉన్నాయి. మడ అడవుల ముందున్న మెత్తటి బురదలో అనడారా గ్రానోసా ఉంటుంది. చిప్ప మీద దిట్టంగా గీతలు, లోపల ఎర్రటి మాంసం. మనుషుల రక్తంలో లాగే దాని రక్తంలోనూ హిమోగ్లోబిన్ ఉంటుంది. నీళ్లు పీల్చి వదిలే గొట్టాలు దీనికి లేవు కాబట్టి మరీ లోతుకు పోదు, చిప్ప వెనక అంచు బురద పైకి కాస్త కనబడేలా కూర్చుంటుంది. ఇసుక పాలు ఎక్కువున్న చోట నున్నటి చిప్పల మెరెట్రిక్స్ ఉంటుంది. దానికి పొట్టి గొట్టాలుంటాయి, ఇసుకలోకి పూర్తిగా దిగి ఆ గొట్టాల చివరలు మాత్రం పైకి పెడుతుంది. ఈ రెండూ పాదంతో తవ్వుకుంటూ దిగే జాతులు. గుల్లసున్నం కోసం ఈ తీరంలో ఏరేది ఎక్కువగా ఇలాంటి గుల్లల చిప్పలనే.

రెండో గుంపు పాదంతో తవ్వదు, దారం తీస్తుంది. పాదం దగ్గరున్న గ్రంథిలోంచి వచ్చే ఆ పదార్థం నీళ్లలో గట్టిపడి దారమవుతుంది. దాన్ని బైసస్ అంటారు. రాళ్లకీ జెట్టీ స్తంభాలకీ గుత్తులుగా పట్టే పచ్చ ఆల్చిప్ప, అంటే పెర్నా విరిడిస్, ఈ దారాలతోనే వేలాడుతుంది. మూడో గుంపుది ఇంకా మొండి పట్టు. నది సముద్రంలో కలిసే మొగల్లో గట్టి వస్తువు దేనికైనా అంటుకునే క్రాసోస్ట్రియా మద్రాసెన్సిస్ చిన్న పిల్లగా ఉన్నప్పుడే ఒక చిప్పను సిమెంటు పెట్టినట్టు అతికించేసుకుంటుంది, ఆ తర్వాత పాదమే ఉండదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు తూత్తుకుడిలో దీని పిల్లను పట్టింది సున్నం పూసిన పెంకుల మీద. గరుకుగా, గట్టిగా ఉన్న పెంకు ఉంటే చాలు, ఇసుకతో దానికి పనే లేదు.

కాబట్టి తేల్చుకోవడం సులువే. దారం తీసేవీ, అతుక్కునేవీ ఇసుక లేని ట్యాంకుకు సరిపోతాయి. తవ్వేవాటిని ఉత్త అద్దం మీద వదలడం తప్పు.

ఎందుకు తప్పో దగ్గరగా చూస్తేనే అర్థమవుతుంది. అద్దం మీద పక్కకు పడుకోబెట్టిన మెరెట్రిక్స్ కాసేపటికి చిప్పలు వెంట్రుకవాసి తెరుస్తుంది. తెల్లటి పాదం బయటికొచ్చి అద్దాన్ని తడుముతుంది. ఇసుకలో ఉంటే ఆ పాదం ముందు గుచ్చుకుంటుంది, తర్వాత కొస ఉబ్బి లంగరులా పట్టుకుంటుంది, ఆ పట్టుతో చిప్పల్ని కిందికి లాక్కుంటుంది. అద్దం మీద గుచ్చుకోదు, జారిపోతుంది. మళ్లీ చాపుతుంది, మళ్లీ జారుతుంది. గుల్ల కొద్దిగా పక్కకు తిరుగుతుంది తప్ప దిగదు. కాసేపటికి పాదం లోపలికి తీసుకుని మూసుకుంటుంది. చూసేవాళ్లు ‘కదులుతోంది, బాగానే ఉంది’ అనుకుంటారు. నిజానికి అది బాగున్న గుల్ల చేసే పని కాదు.

పైకి కనబడనిది ఇంకోటుంది. చిప్పల్ని తెరిచే కండరం గుల్లకు లేదు. రెండు చిప్పలూ కలిసేచోట ఉన్న సాగే లిగమెంట్ ఎప్పుడూ వాటిని విప్పాలనే తోస్తూ ఉంటుంది. కండరాలున్నది మూయడానికే. అంటే మూసుకుని ఉన్నంతసేపూ గుల్ల బిగపట్టుకునే ఉండాలి. ఇసుకలోనో బురదలోనో దిగినప్పుడు చుట్టూ ఉన్న మట్టి రెండు వైపుల నుంచీ ఒత్తుతూ ఆ పనిలో సాయం చేస్తుంది. అద్దం మీద ఆ సాయం లేదు, భారమంతా కండరానిదే. ఇలా మట్టి లేకుండా ట్రేలలో పెంచిన దిగుడు గుల్లలు సరిగా ఎదగకపోవడం, చిప్ప వంకరపోవడం, నోరు తెరిచి చచ్చిపోవడం గుల్లల సాగు చేసే దేశాల్లో ఎప్పటి నుంచో చూస్తున్నదే. అందుకే అమెరికా తూర్పు తీరంలో హార్డ్ క్లామ్ సాగు చేసేవాళ్లు కాస్త ఎదిగిన పిల్లను అడుగు మట్టిలోనే, సంచుల్లోనో వల కిందో పెడతారు. జియోడక్ అనే పెద్ద గుల్లను ప్రాణంతో మార్కెట్‌కి పంపేటప్పుడు చిప్పలు విచ్చుకోకుండా రబ్బరు బ్యాండు వేస్తారు. మట్టి చేసే పనిని బ్యాండుతో చేయించడమన్నమాట.

అయితే ఇసుక ఉందా లేదా అన్న చర్చలో పడి అందరూ మర్చిపోయేది తిండి. ఇసుక వేసినా వెయ్యకపోయినా ట్యాంకుల్లో మన గుల్లలు చచ్చేది ఎక్కువగా ఆకలితోనే. అనడారా, మెరెట్రిక్స్, పచ్చ ఆల్చిప్ప, అన్నీ నీళ్లను వడగట్టి అందులోని సూక్ష్మ నాచును తినేవే. ఎదిగిన గుల్ల గంటకు లీటర్ల కొద్దీ నీళ్లు మొప్పల గుండా లాగుతుంది. రెండు వందల లీటర్ల ట్యాంకులో నాలుగు గుల్లలు వేస్తే ఒకటి రెండు రోజుల్లోనే నీళ్లు అద్దంలా తేటపడతాయి. యజమానికి అది సంతోషం, గుల్లకు అది ఖాళీ కంచం. పైగా స్కిమ్మర్ ఒకటి మిగిలిన కాస్తా లాగేస్తుంది. గుల్ల వెంటనే చావదు. ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్‌ని కరిగించుకుంటూ వారాలు, ఒక్కోసారి నెలలు నెట్టుకొస్తుంది. అప్పటిదాకా అంతా బాగుందనుకుని, చచ్చిన రోజున ఆ తప్పును ఇసుక మీదకో నీళ్ల మీదకో తోస్తారు.

ఈ విషయంలో గోదావరి తీరానికి ఉన్న సౌకర్యం చాలా చోట్ల లేదు. ఉప్పాడ, కోనపాపపేట వైపు రొయ్య హేచరీల్లో జోయియా అనే తొలి దశలో ఉన్న రొయ్యపిల్లకు మేతగా కీటోసెరాస్ నాచును పెంచుతారు. ప్రపంచమంతటా ఆల్చిప్పల హేచరీల్లో వాడే మేతల్లో అదీ ఒకటి. తెలిసిన హేచరీలో అడిగి సీసాడు తెచ్చుకుంటే గుల్లకు అంతకంటే మంచి తిండి లేదు. జాగ్రత్తలు రెండు. ఆ నాచు పెరిగిన నీళ్లలో నైట్రేట్, ఫాస్ఫేట్ ఎరువులు మిగిలి ఉంటాయి కాబట్టి ఒక్కసారిగా గుమ్మరించకూడదు, రోజులో కొద్దికొద్దిగా నాలుగైదు సార్లు పొయ్యాలి. పోసినప్పుడు స్కిమ్మర్‌ని కాసేపు ఆపాలి. ఇసుక లేని ట్యాంకులో ఇంకో మేలు కూడా జరుగుతుంది: గుల్లకు అందకుండా అడుగుకు చేరిన నాచు మట్టిలోకి ఇంకి కుళ్లదు, మర్నాడు లాగేయొచ్చు.

తిండి బెడద తక్కువున్న గుల్లలు లేకపోలేదు. గల్ఫ్‌లోనో సింగపూర్‌లోనో ఉన్న చుట్టాల ఇంటి అక్వేరియం ఫోటోల్లో నీలం, ఆకుపచ్చ రంగుల్లో మెరుస్తూ కనబడేవి అవే, ట్రైడాక్నా జాతి రాకాసి గుల్లలు. వాటి మాంటిల్, అంటే చిప్పల అంచున బయటికి పరుచుకునే మెత్తటి పొర, నిండా జూజాంథెల్లే అనే సూక్ష్మ నాచు ఉంటుంది. ఎండ తగిలితే ఆ నాచు తయారుచేసే చక్కెరలే గుల్లకు ముఖ్యమైన తిండి, నీళ్లు వడగట్టి తినేది పైపెచ్చు. అందుకే దానికి నాచు సీసా కంటే మంచి లైటు ముఖ్యం. ట్రైడాక్నా క్రోసియా, ట్రైడాక్నా మాక్సిమా రెండూ సహజంగా పగడపు రాతిని పట్టుకుని ఉండేవే. క్రోసియా అయితే రాతిని తొలుచుకుని అందులోనే కూర్చుంటుంది. ఈ రెండిటికీ ఇసుక అక్కర్లేదు సరిగదా, ఇసుక మీద పెడితేనే పట్టు దొరక్క అవస్థ పడతాయి. ట్రైడాక్నా డెరాసా, అన్నిటికంటే పెద్దదైన ట్రైడాక్నా గైగాస్ వేరు. చిన్నప్పుడు దారం తీస్తాయి, ఎదిగాక మానేసి సొంత బరువుతోనే అడుగున నిలబడతాయి. గైగాస్ మీటరు దాటి, రెండు వందల కిలోల పైన తూగుతుంది. హిప్పోపస్ కూడా ఎదిగాక ఇసుక మీదే పడుకుంటుంది. ఈ పడుకునే జాతులకు ఇసుక లేకపోయినా ప్రాణం పోదు, నీటి తోపుకు దొర్లిపోకుండా నాలుగు రాళ్ల మధ్య ఆనించాలి.

ఈ గుల్లలు గోదావరి మొగల్లో ఎందుకు లేవంటే ఇక్కడి నీళ్లలో బురద ఎక్కువ, వరదొస్తే ఉప్పు తక్కువ. మన దేశంలో వాటి చోటు లక్షదీవులు, అండమాన్ నికోబార్. ఎవరైనా ‘అండమాన్ నుంచి తెప్పిస్తా’ అంటే వినకూడదు. ట్రైడాక్నా మాక్సిమా, ట్రైడాక్నా స్క్వామోసా, హిప్పోపస్ హిప్పోపస్‌లను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు, అంటే పులికున్నంత రక్షణ. రాకాసి గుల్లలన్నీ అంతర్జాతీయంగా వన్యజీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి, పర్మిట్ లేకుండా దేశం దాటకూడదు. రాళ్లు కట్టే పగడాలకూ చట్టం రక్షణ ఉంది కాబట్టి ‘లైవ్ రాక్’ పేరుతో పగడపు రాళ్లు కొనడమూ అంతే ప్రమాదం. బ్యాక్టీరియాకు చోటిచ్చే ఆ రాళ్ల పని సిమెంటుతో పోతపోసి, బాగా నానబెట్టి క్షారం పోగొట్టిన రాళ్లతోనూ జరుగుతుంది. కాకినాడ అఖాతంలో దొరికే పల్చటి కిటికీ ఆల్చిప్ప, ప్లాసెంటా ప్లాసెంటా, కూడా 2001లోనే ఆ చట్టం రక్షణ కిందికి వచ్చిందే. కోరింగ అభయారణ్యం లోపల నుంచి ఏదీ ఏరుకురాకూడదన్నది చెప్పక్కర్లేదు. విదేశాల్లో హేచరీలో పుట్టిన రాకాసి గుల్లల్ని చట్టబద్ధంగా పెంచుకునేవాళ్లకు ఈ చిక్కు లేదు. పలావు దీవుల్లో వాటి పిల్లను తీసి పెంచే పని దశాబ్దాలుగా సాగుతోంది.

దారం తీసే గుల్ల ఏదైనా, పచ్చ ఆల్చిప్పయినా మాక్సిమా అయినా, ఉత్త అద్దం మీద పెడితే అద్దాన్నే పట్టుకుంటుంది. పట్టుకోనీ అనుకుంటే తర్వాత తిప్పలు. చోటు నచ్చక మార్చాలనో, ట్యాంకు కడగాలనో గుల్లను పట్టి లాగితే దారాలు తెగవు, దారం పుట్టే గ్రంథే చిరిగి వస్తుంది. అలా చిరిగిన గుల్ల చాలాసార్లు కొద్ది రోజుల్లోనే చస్తుంది. అందుకే మొదట్లోనే అరచేతంత చదునైన రాయి మీద కూర్చోబెట్టాలి. ఒకటి రెండు రోజుల్లో రాతిని పట్టేస్తుంది. ఆ తర్వాత ఎప్పుడు మార్చాలన్నా రాయిని ఎత్తితే సరి. ఇప్పటికే అద్దానికి పట్టేసి ఉంటే సన్నటి బ్లేడును అద్దానికి ఆనించి, పాదానికి దూరంగా దారాల్ని కోసుకుంటూ రావాలి. పంపు నీళ్లు నేరుగా మీద కొట్టే చోట కూడా పెట్టకూడదు. ఇసుక లేని ట్యాంకుల్లో పంపులు జోరుగా తిప్పడం అలవాటు కనుక ఈ పొరపాటు ఎక్కువ జరుగుతుంది. మాంటిల్ ఒక పక్క ముడుచుకుని ఉంటే ముందు చూడాల్సింది పంపు ముఖమే.

అడుగు ఖాళీగా ఉండటం వల్ల ఇంకో ఉపకారం ఉంది. రాకాసి గుల్లల్ని పీల్చే పిరమిడెల్లా నత్తలు బియ్యపు గింజంత ఉంటాయి, పగలు గుల్ల కిందో ఇసుకలోనో దాక్కుని రాత్రి పైకొస్తాయి. ఇసుక లేకపోతే వాటికి దాపు తగ్గుతుంది, రాత్రి టార్చి వేసి ఏరేయొచ్చు. ఆ నత్తల్ని తినే చేపల్లో హాలికోరెస్ జాతి రాస్‌లు పేరుపడ్డవి, కానీ అవి రాత్రి ఇసుకలో దూరి నిద్రపోతాయి. ఉత్త అద్దం ట్యాంకులో వాటిని వేస్తే నిద్రకు చోటులేక నలుగుతాయి. రాళ్ల సందులో పడుకునే ఆరు గీతల రాస్ నయం.

ఇక నీళ్లు. జులై నుంచి అక్టోబరు దాకా గౌతమి, కోరింగ, గాడేరు పాయల వరద నీళ్లు దిగుతుంటే అఖాతంలో సెలినిటీ బాగా పడిపోతుంది. అక్కడ పుట్టి పెరిగిన గుల్లలు చిప్పలు బిగించుకుని ఆ రోజులు గడిపేస్తాయి, ట్యాంకుకు మాత్రం ఆ నీళ్లు పనికిరావు. ఎండాకాలంలో తెచ్చి నిల్వ చేసుకోవాలి, లేదా సముద్రపు ఉప్పు మిక్స్‌ను ఆర్వో నీళ్లలో కలుపుకోవాలి. హేచరీ నీళ్లు తెస్తే బ్లీచింగ్ వేసినవా, క్లోరిన్ పూర్తిగా పోయిందా అని అడిగి తేవాలి. తీర గ్రామాల్లో ఉప్పు బోరు నీళ్లున్నాయి కదా అని వాటిని పోస్తే గుల్ల నిలవదు. సెలినిటీ ఎంత సరిపోయినా బోరు నీటిలో లవణాల పాళ్లు సముద్రంలో లాగా ఉండవు, ముఖ్యంగా పొటాషియం తక్కువ ఉంటుంది. వెనామీ రొయ్యల రైతులు పొటాష్, మెగ్నీషియం చల్లేది ఆ లోటుకే. చెరువులో నాచుకు వాడే కాపర్ సల్ఫేట్ జోలికి ఇక్కడ అసలు పోకూడదు, గుల్లలకు రాగి విషం.

ల్యాబ్ రిపోర్టు చదవడంలో ఒక మెలిక ఉంది, గుల్ల చిప్ప కట్టేది కాల్షియంతో కాబట్టి ఇది కచ్చితంగా తెలియాలి. సముద్రపు నీటిలో కాల్షియం లీటరుకు 400 మిల్లీగ్రాముల పైచిలుకు ఉంటుంది. చెరువుల ల్యాబులు మామూలుగా ఇచ్చేది కాల్షియం హార్డ్‌నెస్, కాల్షియం కార్బొనేట్ లెక్కలో. ఆ లెక్కలో 400 అంటే అసలు కాల్షియం 160 మాత్రమే. కావాల్సిన 400 ఉండాలంటే రిపోర్టులో 1000 కనబడాలి. ఆల్కలినిటీకి ఈ గొడవ లేదు, అదే లెక్కలో 140 నుంచి 160 మధ్య ఉంటే చాలు. వేడి మరో టెన్షన్. రాకాసి గుల్లలకు 24 నుంచి 27 డిగ్రీలు హాయి, మే నెలలో డెల్టా ఇంట్లో ట్యాంకు 32 దాటడం మామూలే. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఫ్యాను పెట్టినా పెద్దగా చల్లబడదు, చిల్లర్ పెట్టాల్సిందే. అఖాతపు గుల్లలకు ఆ వేడి అలవాటే, వాటికి నీళ్లలోకి గాలి ఊదే పంపు ఆగకుండా చూస్తే చాలు.

అడుగు ఖాళీగా ఉంచుతూనే తవ్వే గుల్లల్ని పెంచాలన్న కోరిక ఉంటే దారి ఒకటుంది, మొత్తం మీద అదే మేలైనది. గుల్ల పొడవుకు రెండింతల లోతున్న గాజు గిన్నెలో కడిగిన సముద్రపు ఇసుక పోసి ట్యాంకు అడుగున పెట్టాలి. నాలుగు సెంటీమీటర్ల మెరెట్రిక్స్‌కు ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల ఇసుక సరిపోతుంది. అనడారాకైతే ఇసుకలో సగం సన్నటి ఒండ్రు కలపాలి. గిన్నెకు మూడు నాలుగు గుల్లలు మించకుండా వేసి, ఎన్ని వేశామో రాసిపెట్టుకోవాలి. ఆరోగ్యంగా ఉన్నది కొద్ది గంటల్లోనే దిగిపోతుంది. దిగినది మళ్లీ పైకి తేలి పడుకుంటే ఏదో బాగాలేదని అర్థం: ఇసుక నల్లబడిందా, తిండి చాలడం లేదా, సెలినిటీ మారిందా చూసుకోవాలి. పైకొచ్చినదాన్ని వేలితో తట్టాలి. బతికున్నది వెంటనే మూసుకుంటుంది, నోరు తెరిచే ఉంటే తీసేయాలి. ట్యాంకు అంతా ఇసుక పరిచినప్పుడు లోపల చచ్చిన గుల్ల ఎక్కడుందో తెలియదు, అమ్మోనియా పెరిగి చేపలు పైకి తేలాకే తెలుస్తుంది. గిన్నె అయితే పదిహేను రోజులకోసారి బయటికి తీసి, గిన్నె గాజు లోంచి నలుపు ఎంత వరకు ఎక్కిందో చూసి, ఇసుకను సముద్రపు నీళ్లలోనే ఒంపి, గుల్లల్ని లెక్కపెట్టి, కొత్త ఇసుక పోసి మళ్లీ దింపొచ్చు.